మ్యూటుకి కాలింగ్ బెల్ స్విచ్ చాలదా?

వాయిస్తూ వాయిస్తూ ఎలక్ట్రిక్ గిటారు సౌండు కాసేపు ఆపాలంటే వేలకు వేలు పోసి పెడల్ కొనాలట. ట్యూనర్ పెడల్ లేనిదే స్టేజీ ఎక్కొద్దట! వారాంతపు గిటారిస్టులం, సాఫ్ట్‌వేర్ జీతాలు తీసుకునేవాళ్లం, మనం ఏం కొనుక్కున్నా మన ఇష్టం. కానీ గద్వాల చర్చిలో వాయించే కుర్రాడికీ, నాగర్‌కర్నూల్ వైపు పెళ్లి ఆర్కెస్ట్రాలో తెల్లవార్లూ వాయించే తమ్ముడికీ అదే సలహా పారేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఒక్క ఇఫ్ కండిషన్ కోసం ఎంటర్‌ప్రైజ్ లైసెన్స్ కొనమన్నట్టుంది.

అసలు సంగతి ఇంతే కదండీ. పికప్ నుంచి వచ్చేది మిల్లీవోల్టుల లెక్కలో ఉండే సిగ్నల్. ఒకటి సిగ్నల్ తీగ, ఇంకోటి గ్రౌండ్. రెంటినీ కలిపేస్తే సౌండు పోతుంది, మామూలు పికప్‌కి ఏమీ కాదు. "సిగ్నల్ తీగని తెంపినా పోతుందిగా" అంటారేమో. గిటారు పోతుంది గానీ యాంప్ ఇన్‌పుట్ గాల్లో వేలాడుతూ, ఏంటెన్నాలా చుట్టూ ఉన్న కరెంటు రొదనంతా లాక్కుని బుయ్యిమంటుంది. చాలా యాంపుల్లో ప్లగ్గు పీకగానే జాక్ తనంతట తనే ఆ రెంటినీ కలుపుతుంది. అంటే యాంప్ తయారుచేసినవాడు వాడే కిటుకూ ఇదే!

ఆ కలిపే పనికి కాలింగ్ బెల్ స్విచ్ భేషుగ్గా సరిపోతుంది. నొక్కితే కలుస్తుంది, వదిలితే విడిపోతుంది, ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది. ఓ రేకు డబ్బా, రెండు జాకులు. సిగ్నల్‌కి సిగ్నల్, గ్రౌండ్‌కి గ్రౌండ్ కలిపి, ఆ రెంటికీ మధ్య అడ్డంగా స్విచ్ వెయ్యాలి. డబ్బా రేకు కూడా గ్రౌండ్‌కి తగలాలి. పాటకీ పాటకీ మధ్య ఆపి ఉంచాలంటే బెల్ స్విచ్ బదులు మామూలు ఆన్-ఆఫ్ స్విచ్. రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ పెట్టిన ఊరు వనపర్తి, నాలుగు సోల్డరింగులు చేసేవాడు దొరకడా? 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్యగారిది నాగర్‌కర్నూల్ జిల్లాయే. ఆయన పన్నెండు మెట్ల కిన్నెర వెదురుతో, ఎండు సొరబుర్రలతో చేసిన వాయిద్యం. షోరూం సరుకు కాదు.

అసలు పైసా ఖర్చులేని దారీ ఉంది. పికప్‌కొక వాల్యూమ్ ఉన్న గిటారైతే ఒకటి సున్నాలో పెట్టి, సెలెక్టర్ అటూ ఇటూ కొట్టడమే. టామ్ మొరెల్లో దాన్నే పేరు మోసిన శబ్దంగా మార్చాడు. తీగలు ఊరికే మోగుతున్నాయా? మొదటి మెట్టు దగ్గర జడ రబ్బరు చుట్టండి.

లోపాలు లేవనను. డిలే పెడల్‌కి ముందు స్విచ్ పెడితే ప్రతిధ్వని ఆగదు, కాబట్టి అన్నిటికన్నా చివర, యాంప్‌కి ముందు పెట్టాలి. బ్యాటరీతో నడిచే యాక్టివ్ పికప్‌ల లెక్క వేరు. ఇక యాంప్‌కీ స్పీకర్‌కీ మధ్య మాత్రం ఈ ప్రయోగం వద్దు బాబూ, యాంప్ కాలిపోతుంది.

ఇంత చవక చిట్కా చెప్పరు గానీ, హమ్ వస్తోందంటే చాలు "ఎర్త్ పిన్ తీసెయ్" అని చెప్పే మహానుభావులు మాత్రం ప్రతి షామియానా కిందా ఉంటారు. ఇదీ చవకే! గిటారు తీగలు గ్రౌండ్‌కే కలిసి ఉంటాయి. ఎర్త్ లేని యాంప్ బాడీకి కరెంటు తగిలితే అది తీగల్లోకి, అక్కణ్ణుంచి వేళ్లలోకి వస్తుంది, మూతి మైకుకి తగిలితే పని పూర్తవుతుంది. 1972లో స్వాన్సీలో, స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వే ఎర్త్ సరిగా లేని మైకు పట్టుకుని స్టేజీ మీదే చనిపోయాడు. మీ ఊరి తమ్ముడి యాంప్‌కి రెండు పిన్నుల ప్లగ్గు కనపడితే ముందు అది మార్పించండి, బెల్ స్విచ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.