రాజుగారి కవచం

రాజులు రణరంగంలో కంటె చిత్రపటాలలోనే ఎక్కువసార్లు కవచం తొడిగారేమో అనిపిస్తుంది. ఫ్రాన్సు ప్రభువు పదిహేనవ లూయీని మోరిస్ కాంతాన్ ద లాతూర్ 1748లో చిత్రించిన పటం ఇందుకొక నిదర్శనం. నేడది పారిస్‌లోని లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉన్నది. ప్రతికృతులలో మాత్రమే దానిని చూచిన మమ్ములను కూడా అది ఆలోచింపజేసింది.

రొకోకో యుగం లాలిత్యానికి పెట్టింది పేరు. మెత్తని వన్నెలు, వంపులు తిరిగిన రేఖలు, పట్టువస్త్రాల మిలమిలలు దాని ప్రాణం. అటువంటి శైలిలో రాజు ఉక్కుకవచంతో దర్శనమిస్తాడు. ఛాతీమీద నీలిపట్టీ, తలపై పౌడరు అద్దిన కేశాలు. తుపాకులు, ఫిరంగులు జయాపజయాలను నిర్ణయించే ఆ కాలానికి అటువంటి కవచం చాలవరకు అలంకారమే. మరొక విశేషం కూడా ఉన్నది. ఇది తైలవర్ణచిత్రం కాదు. రంగుపొడిని జిగురుతో కలిపి చేసిన పాస్టెల్ కడ్డీలతో కాగితంమీద గీసినది. గట్టిగా తాకితే రాలిపోయే ఆ పొడిని అద్దం చాటున కాపాడుకోవలసిందే. అంత సుకుమారమైన పొడితో ఉక్కు మెరుపును సాధించడం లాతూర్ ప్రతిభ.

1745లో ఫాంతెన్వా వద్ద ఫ్రెంచివారు గెలిచినప్పుడు లూయీ తన కుమారునితో సహా రణస్థలిలో ఉన్నమాట నిజమే. అయితే సేనలను నడిపినవాడు మోరిస్ ద సాక్స్. జలోదరంతో బాధపడుతూ, పేముతో అల్లిన బండిలో తిరుగుతూ ఆయన ఆజ్ఞలిచ్చాడు. ఆ సేనానికి సన్మానాలు దక్కకపోలేదు. నేలకొరిగిన వేలాది సైనికుల ముఖాలను మాత్రం ఏ ఆస్థాన చిత్రకారుడూ గీయలేదు.

పటం వెలసిన 1748లోనే ఎక్స్-లా-షపెల్ సంధి జరిగింది. గెలిచిన ఆస్ట్రియా నెదర్లాండ్సును లూయీ తిరిగి ఇచ్చివేశాడు. తెలివితక్కువ పనికి ఆ శాంతినే ఉపమానంగా చెప్పుకొని పారిస్ జనం నవ్వుకున్నారు. ఆ సంధితోనే చెన్నపట్నం మళ్లీ ఇంగ్లీషువారి వశమైంది. పదేండ్ల తరువాత 1758లో చందుర్తి వద్ద, 1759లో మచిలీపట్నంలో ఫ్రెంచివారు ఓడి, కోస్తా సర్కారులను పోగొట్టుకున్నారు. ఆ పోరులో ఇరువైపులా నిలిచిన సిపాయీలలో పెక్కుమంది ఈ దేశపువారే. ఎక్కడి రాజు కవచం! ఎవరి నెత్తురు!

అయితే ఇటువంటి చిత్రాలు వట్టి ముఖస్తుతులనీ, వాటిని చూడనక్కరలేదనీ అనేవారితో మేము ఏకీభవించలేము. మన ప్రబంధాలలో కృతిపతి పరాక్రమ వర్ణన ఉన్నది. ఉర్దూ కసీదాలో ప్రభువు ప్రశంస ఉన్నది. వాటిలోని కవితను ఆస్వాదిస్తాము. అంతమాత్రాన వాటిని చరిత్రగా అంగీకరించము. చిత్రానికీ అదే న్యాయం. పైగా లాతూర్ ఆ కవచంపై నిలిపిన ముఖంలో రౌద్రం లేదు. నాగరికమైన సౌమ్యత, కొంచెం నిరాసక్తత మాకు కనిపిస్తాయి. స్తుతి కోసం కూర్చున్న ముఖంలో సైతం సత్యాన్ని పట్టుకొన్న కళను నిరాకరించడం మనకే నష్టం.

సైనికవేషంతో ఛాయాచిత్రాలకు నిలబడే పాలకులు ఇరవయ్యో శతాబ్దంలోనూ తక్కువ కాలేదు. కనుక విద్యార్థులకు మా మనవి ఒక్కటే: అటువంటి పటం ఎదురైనప్పుడు చేతిపనిని మనసారా మెచ్చుకొనండి. పిమ్మట, పటంలో చోటు దక్కనివారెవరో అడగండి.