సందెదీపం కొండెక్కేదెప్పుడు?

డిసెంబరు మూడో వారంలో ఐర్లండ్‌లోని డబ్లిన్‌కు దక్షిణాన ఉన్న చెర్రీవుడ్‌లో సాయంత్రం నాలుగు దాటి పది నిమిషాలు కాకముందే పొద్దు గుంకుతుంది. ల్యువాస్ ట్రామ్ గ్రీన్ లైనులో చివరి స్టాపు బ్రైడ్స్ గ్లెన్. అక్కడ దిగి, పిల్లవాడి చెయ్యి ఒక చేత్తో, వాడి బడిసంచీ ఇంకో చేత్తో పట్టుకుని నడిచే తెలుగు తల్లి ఇల్లు చేరేసరికి వీధి దీపాలన్నీ వెలిగి ఉంటాయి. తలుపు తీయగానే ఆమె చేసే మొదటి పని వాకిట్లో లైటు వేయడం. అప్పటికి తెనాలిలోనైనా కరీంనగర్‌లోనైనా రాత్రి తొమ్మిదిన్నర దాటుతుంది. అన్నాలు తిన్నాక అక్కడి నుంచి వచ్చే ఫోనులో ఒక ప్రశ్న ఖాయంగా ఉంటుంది: "సందెవేళ దీపం పెట్టావా అమ్మా?"

పెట్టింది. వాకిట్లో లైటూ వేసింది. ఆ లైటు ఆరేది మర్నాడు ఎనిమిదిన్నర దాటాకే, ఎందుకంటే డిసెంబరులో అక్కడ తెల్లవారేదే అప్పుడు. మొత్తం పదహారున్నర గంటలు. జూన్‌లో ఇదే ఊళ్లో రాత్రి పదింటి దాకా ఆకాశంలో వెలుగు ఉంటుంది కాబట్టి ఈ లెక్క ఎవరికీ గుర్తుండదు. చలికాలంలోనే కొంప మునుగుతుంది.

మన సందెదీపానికి ఒక మంచి గుణం ఉంది. ప్రమిదలో పోసిన నూనె అయిపోగానే అదే కొండెక్కుతుంది. ఎవరూ లేచి వెళ్లి ఆర్పక్కర్లేదు, ఆర్పడం మంచిది కాదని కూడా అంటారు. దీపం పెట్టమన్న పెద్దలెవరూ రాత్రంతా వెలిగించమని చెప్పలేదు. లక్ష్మీదేవి వచ్చే వేళకు గుమ్మం చీకటిగా ఉండకూడదన్నారు, అంతే. బల్బుకు మాత్రం కొండెక్కడం తెలియదు. స్విచ్ నొక్కిన చెయ్యే మళ్లీ నొక్కాలి.

ఇళ్లలో లైట్ల దగ్గర కరెంటు ఆదా గురించి మాట్లాడే వాళ్లు ఇప్పటికీ "ఎల్‌ఈడీ బల్బులకు మారండి" అని చెబుతూనే ఉన్నారు. ఆ పని దాదాపు అయిపోయింది. 2009 సెప్టెంబరులో యూరోపియన్ యూనియన్ 100 వాట్ల పాతకాలపు బల్బులను మార్కెట్‌కు రాకుండా ఆపింది. 2012 కల్లా మిగతా సైజులూ పోయాయి. 2018లో హాలోజెన్ బల్బులు, 2023లో ట్యూబ్‌లైట్లు అదే దారి పట్టాయి. ఐర్లండ్‌లో ఇప్పుడు ఏ హార్డ్‌వేర్ షాపుకు వెళ్లినా దొరికేవి ఎల్‌ఈడీలే.

తెలుగు వాళ్లకు ఈ కథ ఇంకా బాగా తెలుసు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, అనంతపురం, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి జిల్లాల్లో పాత 60 వాట్ల బల్బులు ఇచ్చిన వారికి పది రూపాయలకు ఒకటి చొప్పున 7 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు పంచారు. అదే ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో కరెంటు స్తంభాలను కూల్చేసి పోతే, ఆ తర్వాత కొద్ది నెలల్లోనే నగరంలో తొంభై వేలకు పైగా ఎల్‌ఈడీ వీధి దీపాలు వెలిగాయి. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కింద దేశమంతటా 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. ప్రభుత్వ సంస్థ ఈఈఎస్‌ఎల్ కొనుగోలు చేసిన బల్బు ధర 2014 మొదట్లో 310 రూపాయలుంటే, 2016కి 40 రూపాయల లోపుకు పడిపోయింది. ఒక వస్తువు ధర రెండున్నరేళ్లలో ఎనిమిదో వంతుకు దిగడం మన సంసారాల్లో ఎవరూ చూసి ఎరుగరు.

ఇక్కడ జీరో బల్బు మాట చెప్పకపోతే బాగుండదు. పడకగదిలో రాత్రంతా వెలిగే ఆ చిన్న రంగు బల్బుకు పేరు జీరో, తాగేది మాత్రం 15 వాట్ల దాకా. పాత మీటర్లు అంత తక్కువ వాడకాన్ని సరిగా పట్టుకోలేకపోయేవి కాబట్టి జనం దానికి సున్నా మార్కు వేశారు. ఇవాళ 9 వాట్ల ఎల్‌ఈడీ గదంతా వెలిగిస్తుంది. అంటే ఆ "జీరో" కంటే తక్కువ కరెంటుతో ఇప్పుడు పిల్లలు చదువుకుంటున్నారు.

లాభం ఎంతో చూడాలంటే ఐర్లండ్‌లో 2000 ప్రాంతాల్లో కట్టిన ఇంటి వంటగదిలోకి వెళ్లాలి. సీలింగులో గుంటలు చేసి బిగించిన చిన్న స్పాట్‌లైట్లు పది కనిపిస్తాయి. హాలోజెన్ అయితే ఒక్కొక్కటి 50 వాట్లు. వంటకు, భోజనానికి, పిల్లల హోంవర్కుకు కలిపి రోజుకు ఐదు గంటలు వెలిగితే రెండున్నర యూనిట్లు. యూనిట్ ధర కంపెనీని బట్టి మారుతుంది, సుమారు 35 సెంట్లు అనుకుంటే రోజుకు 87 సెంట్లు, ఏడాదికి మూడు వందల యూరోలకు పైమాటే. అవే గుంటల్లో 5 వాట్ల ఎల్‌ఈడీలు పెడితే ఏడాదికి 32 యూరోలు. అద్దె ఇంట్లో దిగిన తెలుగు కుటుంబం మొదటి వారంలోనే నిచ్చెన ఎక్కి చూడాల్సింది ఈ స్పాట్‌లైట్లనే. పాత హాలోజెన్‌ను ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, కాబట్టి ఆపిన వెంటనే తీయకూడదు.

షాపులో ఇంకో చిన్న తికమక ఎదురవుతుంది. 2021 సెప్టెంబరు నుంచి యూరప్‌లో బల్బుల లేబుళ్ల కొలమానం మార్చారు. అప్పటిదాకా 'ఏ ప్లస్' అనిపించుకున్న బల్బే ఇప్పుడు 'ఈ' లేదా 'ఎఫ్' ర్యాంకుతో నిలబడుతుంది. బల్బు చెడిపోలేదు, పరీక్ష కఠినమైంది. వాట్లు కాక ల్యూమెన్లు చూసి కొనాలి: 800 ల్యూమెన్లంటే పాత 60 వాట్ల బల్బంత వెలుగు.

అయితే చెర్రీవుడ్ సంగతి వేరు. 2010 అక్టోబరులో ట్రామ్ వచ్చింది, 2014లో పట్టణ ప్రణాళికకు ఆమోదం దొరికింది, ఆ తర్వాత అపార్టుమెంట్లు లేచాయి. ఐర్లండ్‌లో 2019 నుంచి కొత్త ఇళ్లన్నీ అతి తక్కువ శక్తితో నడిచేలా కట్టాలని నిబంధన. ఆ ఇళ్లలో ఎల్‌ఈడీలు ముందే బిగించి ఉంటాయి, మార్చడానికి ఏమీ మిగల్లేదు. మిగిలింది స్విచ్ ఒక్కటే.

అక్కడే మనిషి తడబడుతున్నాడు. 1865లో ఇంగ్లండ్ ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ బొగ్గు గురించి ఒక మాట గమనించాడు: ఆవిరి యంత్రాలు పొదుపుగా పనిచేసే కొద్దీ బొగ్గు వాడకం తగ్గలేదు, పెరిగింది. చవకైతే ఎక్కువ వాడతాం. ఎల్‌ఈడీ విషయంలోనూ అదే నడుస్తోంది. వంటగది అలమారాల కింద పట్టీలైట్లు, మెట్లకు ఒక్కో లైటు, టీవీ వెనక రంగుల కాంతి, బాల్కనీ పిట్టగోడ పొడుగునా తీగదీపాలు. ఒకప్పుడు దీపావళికి, పెళ్లికి పరిమితమైన సింగారం ఇప్పుడు రోజువారీ సరుకైంది. కరెంటు పెద్దగా కాలదు కదా అన్న ధీమాయే దీనికి మూలం.

బయట ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2023 జనవరిలో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రపంచం నలుమూలలా సామాన్య జనం నక్షత్రాలు చూసి చెప్పిన లెక్కలను పోగుచేసింది. 2011 నుంచి 2022 వరకు రాత్రి ఆకాశపు వెలుగు ఏటా సగటున 9.6 శాతం పెరిగిందని తేల్చింది. అంటే ఎనిమిదేళ్లకోసారి రెట్టింపు. వాట్లు తగ్గిన ఈ కాలంలోనే ఆకాశం తెల్లబారింది.

బ్రైడ్స్ గ్లెన్ స్టాపు దగ్గర్లో పాత రాతి వంతెన ఒకటి ఉంది. 1958 చివర్లో మూతపడిన హార్‌కోర్ట్ స్ట్రీట్ రైలు మార్గం మిగిల్చిన గుర్తు అది. ఇలాంటి పాత రాతి కట్టడాలూ, చెట్లున్న లోయలూ గబ్బిలాలకు ఇష్టమైన తావులు. ఐర్లండ్‌లో తొమ్మిది జాతుల గబ్బిలాలున్నాయి, అన్నిటికీ చట్టరక్షణ ఉంది. వాటిలో కొన్ని జాతులు వెలుతురు పడ్డ చోటికి రానేరావు. పెరట్లో చెట్ల మీదికి తిప్పిన ఫ్లడ్‌లైటు వాటికి గోడ కట్టినట్టే. అదే దేశంలో కెర్రీ జిల్లా 2014లో, మేయో 2016లో నల్లని ఆకాశానికి అంతర్జాతీయ గుర్తింపు తెచ్చుకున్నాయి. చీకటిని చూడటానికి అక్కడికి జనం డబ్బులిచ్చి వెళుతున్నారు. ఉన్న చీకటిని ఇంటి దగ్గర తగలేసి, దాని కోసం నాలుగు గంటలు కారు తోలడం వింతే మరి.

నిజాయితీగా లెక్క వేస్తే వాకిట్లో 9 వాట్ల బల్బు మీద నేరం మోపలేం. పదహారున్నర గంటలు వెలిగినా యూనిట్‌లో ఆరో వంతు కూడా తాగదు, ఖర్చు ఐదు సెంట్లు. టీ కోసం కెటిల్ ఒక్కసారి నిండా కాస్తే అంతే కరెంటు అవుతుంది. ఐరిష్ ఇళ్లలో ఉండే 9 కిలోవాట్ల ఎలక్ట్రిక్ షవర్ కింద పది నిమిషాలు నిలబడితే యూనిట్‌న్నర. మనింట్లో "గీజర్ ఆపావా?" అన్నట్టే ఐరిష్ తల్లులు "ఇమ్మర్షన్ ఆపావా?" అని అడుగుతారు. ఆ దేశంలో అదొక జోకైపోయింది. దొంగ ఎక్కడున్నాడో వాళ్లకు తెలుసన్నమాట.

అసలు భారం పెరటి ఫ్లడ్‌లైటుది. 30 వాట్లదొకటి రాత్రంతా వెలిగితే ఏడాదికి 130 యూనిట్ల దాకా, 45 యూరోలు. దొంగల భయానికే అయితే, మనిషి కదిలితే వెలిగే సెన్సర్ లైటు రాత్రికి అరగంట కూడా వెలగదు. ఎప్పుడూ వెలిగే లైటును ఎవరూ పట్టించుకోరు, ఉన్నట్టుండి వెలిగే లైటుకు పక్కింటివాడు కూడా కిటికీలోంచి తొంగిచూస్తాడు. కాంతి నేల మీదికే పడేలా దించి బిగించడం, చల్లని తెలుపు బదులు పసుపు ఛాయ బల్బు వాడటం పైసా ఖర్చులేని మర్యాద.

"మన బల్బు ఆర్పితే ఏమొస్తుందండీ, కరెంటంతా డేటా సెంటర్లే మింగుతున్నాయి కదా" అనేవాళ్లు ఐర్లండ్‌లో చాలామందే. మాట తప్పు కాదు. ఆ దేశ గణాంక కార్యాలయం లెక్క ప్రకారం 2023లో మీటరు మీద నమోదైన కరెంటులో 21 శాతం డేటా సెంటర్లదే, పట్టణాల ఇళ్లన్నీ కలిపి వాడింది 18 శాతం. ఆ సెంటర్లతో ముడిపడ్డ ఉద్యోగాలు చేస్తున్నవాళ్లలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. డేటా సెంటర్ల వాడకం మీద పోరాటం ప్రభుత్వంతో చేయాల్సిందే. కానీ అది తేలేదాకా ఇంట్లో లైట్లు వెలగనివ్వాలన్న వాదం, ఊళ్లో చెరువు ఎండుతోందని ఇంట్లో కుళాయి విప్పి వదిలేసినట్టుంటుంది.

పైగా అన్ని గంటలూ ఒకటి కావు. ఐర్లండ్‌లో సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా కరెంటుకు గిరాకీ ఎక్కువ, స్మార్ట్ మీటరు పథకాల్లో ధర కూడా ఆ వేళే ఎక్కువ. డిసెంబరులో అదే వేళ ఇంటింటా అన్ని గదుల్లో లైట్లు వెలుగుతుంటాయి. ఆ దేశంలో 18 లక్షలకు పైగా కుటుంబాలున్నాయి. ఎవరూ లేని గదుల్లో వెలుగుతున్న 10 వాట్ల బల్బులు ఇంటికి ఐదు ఆపితే 90 మెగావాట్లు మిగులుతాయి. షానన్ నది మీద 1929లో మొదలై, ఒకప్పుడు ఆ దేశానికంతటికీ వెలుగిచ్చిన ఆర్డ్‌నక్రుషా జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యమే 86 మెగావాట్లు.

ఇక అపార్టుమెంటు కారిడార్లు, కారు పార్కింగులు. అక్కడ వెలిగేవి ఎవరివీ కావు, బిల్లు మాత్రం అందరిదీ. 2011 నాటి చట్టం ప్రకారం ఐర్లండ్‌లో ప్రతి సముదాయంలోనూ యజమానుల సంఘం ఏటా సమావేశం పెట్టి లెక్కలు చూపాలి. అక్కడ లేచి "పార్కింగులో పట్టపగలు లైట్లెందుకు, సెన్సర్లు పెట్టరేం?" అని అడిగే హక్కు ఫ్లాటు కొన్నవారికుంది. అద్దెకున్నవాళ్లు ఓనరు చేత అడిగించవచ్చు. కూకట్‌పల్లి అసోసియేషన్ మీటింగుల్లో జనరేటర్ డీజిలు ఖర్చు మీద గంటసేపు పోట్లాడే మనవాళ్లకు ఇది కొత్త విద్యేమీ కాదు. మన ఊళ్లలోనూ మిట్టమధ్యాహ్నం దాకా వెలిగే వీధి దీపాలున్నాయి, వాటి కింద నుంచే అందరం నడిచి వెళుతున్నాం.

కాబట్టి చెర్రీవుడ్ అమ్మాయి నాలుగింటికి వాకిట్లో లైటు వేయడం మానక్కర్లేదు. ఇరవై యూరోల్లోపు దొరికే టైమరో సెన్సరో ఒకటి దానికి తగిలిస్తే చాలు, లేదా పడుకోబోయే ముందు స్విచ్ దాకా నడిస్తే చాలు. రేపు తెనాలి నుంచి ఫోను వచ్చినప్పుడు "దీపం పెట్టాను, కొండెక్కింది కూడా" అని చెప్పొచ్చు.