కాలువ గట్టున ఒక మాట



గత క్రిస్మస్‌నాడు మా సంఘములో ప్రేమవిందు జరిగినది. విందు ముగిసిన పిమ్మట యౌవనస్థులు ప్లాస్టిక్ గ్లాసులు, విస్తళ్లు మూటగట్టి కాలువలో పారవేసినారు. మేము చూచియు ఊరకున్నాము. మరునాడు ఒక అవ్వ వచ్చి, "అయ్యగారూ, వేసవిలో కాలువ కట్టేసేముందు ఈ నీళ్లే గదండీ మన మంచినీళ్ల చెరువుకి పెట్టేది?" అని అడిగినది. మా యొద్ద జవాబు లేదు.

ఈ కాలువలు మనకు ఊరకే వచ్చినవి కావు. కాటన్ దొర ధవళేశ్వరము వద్ద ఆనకట్ట పనిని 1847లో మొదలుపెట్టగా అది 1852లో ముగిసినది. అక్కడినుండి వచ్చిన కాలువలు పొలములకు నీరిచ్చినవి, పడవలకు దారియు ఇచ్చినవి. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలిపినది. కొమ్మమూరు కాలువ మీదుగా పెదగంజాము చేరి, బకింగ్‌హాము కాలువలో మద్రాసు వరకు పడవలు నడిచెడివి. ఆ బకింగ్‌హాము కాలువలో కొంత భాగమును 1877-78 కరువులో ఆకలిగొన్నవారే కూలికి త్రవ్వినారు. 2004 సునామీలో అదే కాలువ అలల ఉధృతిని కొంత తనలో ఇముడ్చుకొని వెనుకనున్న ఊళ్లను కాచినదని తీరమును పరిశీలించినవారు వ్రాసినారు.

రైళ్లు, లారీలు వచ్చిన తరువాత పడవలు ఆగిపోయినవి. లాకులు తుప్పు పట్టినవి. పూడిక, గుర్రపుడెక్క, పట్టణముల మురుగు, చేపల చెరువుల నీరు కాలువలో చేరినవి. 2008లో ఈ దారిని 4వ జాతీయ జలమార్గముగా ప్రకటించినారు. అయితే ప్రకటనతో పడవ నడవదు. కాలువలో లోతుండవలెను, లాకు పనిచేయవలెను.

అభివృద్ధి అనగానే మనము క్రొత్త రోడ్డును తలంచెదము. ఉన్న కాలువను బాగుచేసికొనుట కూడ అభివృద్ధియే. ఒకే నీరు చేనుకు, చెరువుకు, పడవకు, చేపకు పనికివచ్చుచున్నది గదా! అయితే ఒక్క మాట: గట్టు మీద గుడిసెలు వేసికొన్నవారు పేదలు. వారికి వేరొక స్థలము చూపకుండ తొలగించుట న్యాయము కాదు. మన ఇండ్ల మురుగు కాలువలో కలియుచుండగా వారిని మాత్రమే నిందించుటయు తగదు.

ఈ యేడు మా విందుకు అరటియాకులే. ఎంగిలాకులకు ఆవరణలోనే గుంట త్రవ్వించుచున్నాము. వేసవిలో కాలువ కట్టినప్పుడు మా రేవు వరకైనను శుభ్రము చేయుటకు యౌవనస్థులు పేర్లిచ్చినారు. మీ ఊరి రేవు సంగతి మీరును ఆలోచించండి. మా అవ్వ అడిగిన ప్రశ్న మీ ఊరిలోను ఎవరో ఒకరు అడుగకమానరు.