ఉళ్ళాల రాణులు, కుండోదరుడి కథ

కర్ణాటక తీరంలోని తుళునాడులో మేనల్లుడికి వారసత్వం ఎందుకొచ్చిందంటే ఓ కథ చెబుతారు. రాజు కట్టించిన ఓడలను కుండోదరుడనే భూతం కదలనివ్వక కొడుకును బలి అడిగింది. రాణి ససేమిరా అంది. రాజు తోబుట్టువు మాత్రం తన బిడ్డను అప్పగించింది. మెచ్చిన భూతం ఆ పిల్లవాణ్ణి వదిలేసి, ఇకపై ఆస్తి అక్కచెల్లెళ్ళ బిడ్డలదేనని కట్టడి చేసిందట. అదే అళియసంతానం.

బిడ్డను చావుకు పంపనన్న తల్లి ఇందులో దోషి, పంపిన తల్లి ఆదర్శం. ఎంత అన్యాయం! ఈ ఆచారంతోనే మంగళూరు పక్కనున్న ఉళ్ళాలను ఏలిన చౌటరాజులు జైనులు. చీమకైనా హాని తలపెట్టవద్దనే మతంవాళ్ళ వారసత్వానికి నరబలి కథ ఆధారమా? ఆస్తి ముక్కలు కాకుండా తల్లి వైపు ఉమ్మడి కుటుంబంలో నిలిపే ఏర్పాటు అది. మనుషులు చేసుకున్న కట్టుబాటును ఎవరూ ప్రశ్నించకుండా భూతానికి అంటగట్టారు. 1949లో మద్రాసు చట్టం ఆ కుటుంబాలకు ఆస్తి పంచుకునే హక్కు ఇచ్చింది. మనుషులు మార్చగలిగారంటే అది మనుషులు పెట్టిందే.

వారసత్వం తల్లి వైపు నుంచి నడిచే ఆ ఆచారం వల్లనే ఉళ్ళాల గద్దె స్త్రీలకు దక్కింది. జనం నోట మాత్రం ఒక్క అబ్బక్కే మిగిలింది, పోర్చుగీసు ఓడల మీద అగ్నిబాణాలు కురిపించిన వీరనారిగా. 1623లో ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లే ఉళ్ళాల రాణిని కళ్ళారా చూశాడు. దారిలో కాలినడకన ఎదురైంది. కాళ్ళకు చెప్పుల్లేవు, నడుముకు ముతక నూలుబట్ట, ఎండకు తాటాకు గొడుగు. కొత్తగా తవ్విస్తున్న కాలువలను చూసుకోవడానికి వచ్చిందామె. చూడటానికి వంటగత్తెలా ఉందని రాసినవాడే, మాటతీరులో రాణితనం ఉందనీ ఒప్పుకున్నాడు. పొరుగున ఏలుతున్న బంగ రాజును పెళ్ళాడి, పొసగక, అతనిచ్చిన నగలు తిప్పి పంపి తెగతెంపులు చేసుకున్నది ఈమేనని కూడా రాశాడు. భర్త ఆమెను పట్టి బంధిస్తే, బయటపడి అతని మీదే యుద్ధానికి దిగింది. ఇక్కేరి పాలకుడు వెంకటప్ప నాయకుణ్ణి సాయం తెచ్చుకుంది. పతియే దైవమన్న నీతి ఆమెను ఆపలేకపోయింది.

వయసు నలభై ఉండవచ్చని అతని అంచనా. మరి 1550ల నాటికే పోర్చుగీసులను ఎదిరించిన రాణి, 1623లో నలభై ఏళ్ళ మనిషి ఎలా అవుతుంది? ఇద్దరో ముగ్గురో రాణుల బతుకులు కలిపి ఒక్క అబ్బక్కను తయారు చేశారు. ఇది పొరపాటు మాత్రమే అయితే నాకింత బాధ ఉండేది కాదు. ఒక్కతే అయితే ఆమె దైవాంశ సంభూతురాలు, మిగతా ఆడవాళ్ళకు పాలన చేతకాదన్న నమ్మకానికి ఢోకా లేదు. ఒకరి తర్వాత ఒకరు ఏలారంటే ఆ నమ్మకానికి చోటే ఉండదు.

మన ఓరుగల్లులో రుద్రమను చాలా శాసనాలు రుద్రదేవ మహారాజనే పేర్కొన్నాయి. గద్దెనెక్కడానికి ఆమెకు మగపేరు కావలసి వచ్చింది. ఉళ్ళాల రాణులకు ఆ అవసరం పడలేదు, అక్కడ ఆస్తి నడిచిందే ఆడవాళ్ళ వైపు నుంచి కాబట్టి.