అంకెల్లో తేడా, బతుకుల్లో తేడా

తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో మొదలుపెట్టిన ఇంటింటి కుల సర్వే 3.54 కోట్ల మంది వివరాలు నమోదు చేసింది. అంతకు ముందే బిహార్ 13.07 కోట్ల మందిని లెక్కించింది. రానున్న జనగణనలో కులాన్నీ చేరుస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. ‘మీ లెక్కలేవీ?’ అన్న ప్రశ్నను దశాబ్దాలుగా ఎదుర్కొన్న వర్గాలకు ఇది గెలుపే. అయితే లెక్క తేలడం ఒక ఎత్తు, దాన్ని సరిగా చదవడం మరో ఎత్తు.

గణాంకశాస్త్రం బోధించేవాడిగా ఒక ప్రమాదాన్ని గుర్తుచేయదలిచాను. రెండు పెద్ద కులాల నుంచి చెరి 50 లక్షల మందిని పరిశీలించామనుకుందాం. ఒకదానిలో అక్షరాస్యత 66 శాతం, రెండోదానిలో 66.1 శాతం. ఈ తేడా కాకతాళీయం కాదనీ, ‘గణాంకపరంగా సార్థక’మనీ పరీక్ష తేల్చేస్తుంది. కానీ వెయ్యి మందికి ఒక్కరి తేడాతో ఏ విధానం మారాలి?

ఇప్పుడొక సంచార కులాన్ని తీసుకుందాం. నమూనా సర్వేలో ఆ కులం వారు 25 మందే దొరికారు. రాష్ట్ర సగటు 16 శాతమైతే వారిలో నలుగురు పట్టభద్రులుండాలి; ఉన్నది ఇద్దరే. సగానికి సగం లోటు! అయినా అదే పరీక్ష ‘తేడా రుజువు కాలేదు’ అంటుంది. రుజువు కాకపోవడమూ, లేకపోవడమూ ఒకటి కావు.

కారణం సులభమే. నమూనా వంద రెట్లు పెరిగితే యాదృచ్ఛిక దోషం పదో వంతుకు పడిపోతుంది. అందువల్ల మహా సంఖ్యల ముందు ప్రతి చిన్న తేడా ‘సార్థకం’ అవుతుంది. పి-విలువ తేడా పరిమాణాన్ని గానీ, ప్రాధాన్యాన్ని గానీ కొలవదని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లోనే స్పష్టం చేసింది.

ఇది కేవలం తరగతి గది చర్చ కాదు. పెద్ద కులాల చిన్న తేడాలు పతాక శీర్షికలవుతాయి. చిన్న కులాల పెద్ద లోటు ‘ఇతరులు’ అనే గడిలో కలిసిపోతుంది. తెలంగాణ 2025 ఏప్రిల్ 14 నుంచి అమలు చేస్తున్న ఎస్సీ వర్గీకరణలో అత్యంత వెనుకబడినవిగా గుర్తించిన 15 కులాలకు ఒక శాతం రిజర్వేషన్ దక్కింది. సంఖ్యాబలమే కొలమానమైతే ఆ కులాలు ఎవరి కంటా పడేవి కావు.

ఇంకొక మాట. అందరినీ లెక్కించినప్పుడు నమూనా దోషం ప్రశ్నే కాదు; ఎవరు మిగిలిపోయారన్నదే అసలు ప్రశ్న. తెలంగాణ సర్వే 96.9 శాతం కుటుంబాలను చేరింది. స్థిరమైన ఇల్లు లేనివారు, కులం పేరు చెప్పడానికి జంకేవారు జాబితాకు ఎక్కకపోతే, ఆ లోపాన్ని ఏ పరీక్షా పట్టదు, ఎన్ని కోట్ల లెక్కా పూడ్చదు.

కాబట్టి ప్రభుత్వాలను మనం అడగాల్సింది ‘తేడా ఉందా’ అని కాదు. ఎంత ఉంది, ఎందరికి ఉంది, దాన్ని పూడ్చాలంటే ఎన్ని సీట్లు, ఎన్ని కొలువులు కావాలి? ప్రతి చిన్న కులం వివరాలూ విడిగా ప్రకటించాలి. నమూనా సర్వేల్లో ఆ కులాల నుంచి జనాభా నిష్పత్తికి మించి ఎక్కువ మందిని ఎంచుకోవాలి. సామాజిక న్యాయానికి కావలసింది అంకెల భారం కాదు, అన్యాయపు కొలత.