భూతద్దం కన్నా కెమిస్ట్రీ మేలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో బైపీసీ పిల్లలు నీట్ తర్వాత ఇప్పుడు ఫోరెన్సిక్ పేరెత్తుతున్నారు. అందరూ వెబ్ సిరీస్‌లను తిడుతున్నారు గానీ, ఈ ఆశకు చట్టం ఊతం కూడా ఉంది. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176(3) సెక్షన్ ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్షపడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలికి వెళ్లాల్సిందే. కాకపోతే దాన్ని అమల్లో పెట్టడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల వెసులుబాటిచ్చారు. ఉద్యోగాల నోటిఫికేషన్ వేయాల్సిన పెద్ద యజమాని సర్కారే, దానికేమో తొందర ఉండదు. పైగా ల్యాబులో విసెరాలోని (మృతదేహం నుంచి తీసిన అవయవ భాగాల్లోని) పురుగుమందును పట్టించేది క్రోమటోగ్రఫీ, భూతద్దం కాదు. అందుకే మా వీధి పిల్లతో అన్నాను: "డిగ్రీల కెమిస్ట్రీ ఇడువకు బిడ్డా, ఫోరెన్సిక్ పీజీల చూసుకోవచ్చు. నోటిఫికేషన్ రాకున్నా ఫార్మా కంపెనీలన్న ఉంటయ్." వాళ్ల నాన్న మాత్రం చేతిలోని ఫోరెన్సిక్ డిగ్రీ కాలేజీ బ్రోషర్ కింద పెట్టలేదు.