పేరు మనదైతే ధరలోనూ మన మాట ఉండాలి

షాంపేన్ అనగానే పెద్దోళ్ల విందుల్లో పొంగే నురుగు సీసా గుర్తొస్తుంది. నిజానికి అది ఫ్రాన్స్‌లో ఒక ప్రాంతం పేరు. అక్కడి సుద్దనేలల్లో పండిన ద్రాక్షను చేత్తోనే కోయాలి. వైన్‌ను సీసాలోనే రెండోసారి పులియబెడతారు. నురుగు అందులోంచే వస్తుంది. సీసాలో నింపాక కనీసం 15 నెలలు ఆగితేనే అమ్మకం.

ఈ కట్టుబాట్ల వెనుక రైతు పోరాటం ఉంది. వ్యాపారులు బయటి ద్రాక్ష చౌకగా తెచ్చి షాంపేన్ పేరుతోనే అమ్మారు. స్థానిక రైతు నష్టపోయాడు. 1911లో రైతులు తిరగబడి వ్యాపారుల గోదాములపై పడ్డారు, సైన్యం దిగింది. చివరికి 1927 చట్టం ఆ పేరు ఏ ఊళ్ల ద్రాక్షకు చెల్లుతుందో తేల్చింది. 1941 నుంచి రైతులు, వ్యాపారులు కలిసి కూర్చునే ఉమ్మడి సంస్థ నడుస్తోంది.

మనకూ 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం ఉంది. పాతబస్తీకి ఇది కొత్త కాదు. తయారీదారులు సంఘంగా కదిలి 2010లో హైదరాబాద్ హలీంకు గుర్తింపు తెచ్చుకున్నారు. తాండూరు కందికి 2022లో వచ్చింది.

అయితే గుర్తింపు పత్రం ఒక్కటే క్వింటాలు ధర పెంచదు. వేరేచోటి కందులు తాండూరు పేరున్న సంచుల్లోకి చేరితే నష్టపోయేది మనమే. అందుకే తాండూరు కంది రైతులు ఈ చట్టం కింద అధీకృత వినియోగదారులుగా పేరు నమోదు చేయించుకోవాలి. కల్తీపై తనిఖీలు జరగాలి. ధర మాట్లాడేచోట రైతు సంఘానికీ కుర్చీ వేయాలి. ఈ మూడింటి కోసం సంఘటితంగా కదులుదాం.